పక్కవాడి బొమ్మ మన తెర మీదికి ఎందుకొస్తుంది?

5695ని రెండింతలు చేసి, అందులోంచి 5658 తీసేస్తే 5732 మిగులుతుంది. బళ్లో పిల్లలు చేసే లెక్కే. కానీ తిరుత్తణి శివార్లలో, కోత అయిపోయిన వేరుశనగ చేలో ముగ్గురు కుర్రాళ్లు ఒకేసారి డ్రోన్లు లేపారనుకుందాం. మూడోవాడి డ్రోన్ కంపచెట్లలోకి దూసుకుపోవడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

వాళ్లు ఎగరేసేవి ఎఫ్‌పీవీ డ్రోన్లు. డ్రోన్ ముక్కు దగ్గర చిన్న కెమెరా, వెనక వీటీఎక్స్ అని పిలిచే వీడియో ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. అది పంపే బొమ్మను కళ్లకు పెట్టుకున్న గాగుల్స్‌లో చూస్తూ నడుపుతారు. బొమ్మ పోయిందంటే పైలట్‌కి కళ్లు పోయినట్టే. ఎక్కువమంది కొనే అనలాగ్ వీటీఎక్స్‌లు 5.8 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తాయి. అందులో ‘రేస్‌బ్యాండ్’ అనే ఎనిమిది చానళ్ల వరస ప్రపంచమంతా వాడుకలో ఉంది. అవి 5658, 5695, 5732, 5769, 5806, 5843, 5880, 5917 మెగాహెర్ట్జ్‌లు. పక్కపక్క చానళ్ల మధ్య 37 మెగాహెర్ట్జ్ ఎడం.

మన ముగ్గురూ ఒకటి, రెండు, మూడు చానళ్లు పంచుకున్నారు. ఎవరి దారి వాళ్లకుంది, ఇంక గొడవేముంది అనిపిస్తుంది. ఉంది. మొదటి రెండు వీటీఎక్స్‌లు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఒకదాని యాంటెన్నాలోకి రెండోదాని సిగ్నల్ చొరబడుతుంది. లోపలి ఆంప్లిఫయర్‌లో రెండూ కలుస్తాయి. ఏ ఆంప్లిఫయరూ తనలోకి వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు పెంచి వదలదు, కొంత వంకర చేస్తుంది. ఆ వంకరలోంచి ఎవరూ పంపని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. వాటిలో బాగా ఇబ్బంది పెట్టేవి ‘ఒకదానికి రెండింతలు, అందులోంచి రెండోది తీసివేత’ అనే లెక్కకు దొరుకుతాయి. 5658, 5695 కలిస్తే అలా పుట్టేది 5732. సరిగ్గా మూడోవాడి చానల్! ఇంజనీర్లు దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. సమానమైన ఎడాలతో చానళ్లు పేర్చడం కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది కానీ, ఈ చిక్కుకు అంతకంటే అనువైన అమరిక లేదు.

అందుకే పోటీలు నడిపేవాళ్లు వేరే చానళ్ల పట్టీలోంచి ఒకటీ అరా తెచ్చి, ఎడాలు ఎగుడుదిగుడుగా ఉండేలా చూస్తారు. 5658, 5695, 5760, 5800 అనే నాలుగింటిని తీసుకోండి. ఏ రెండింటిని తీసుకుని పై లెక్క వేసినా, వచ్చే అంకె ఈ నాలుగింటిలో దేనికీ 25 మెగాహెర్ట్జ్ కంటే దగ్గరికి రాదు. కాగితం, పెన్సిల్ ఉంటే ఎవరైనా వేసి చూసుకోవచ్చు. ఆరుగురు ఎగరేసేటప్పుడు ఈ నాలుగింటికి 5880, 5917 కలుపుకోమని విదేశీ పట్టికలు చెబుతాయి. మన దగ్గర ఆ సలహా కుదరదు. ఎందుకన్నది కాస్త ముందుకెళ్లాక.

ఒకరి సిగ్నల్ ఇంకొకరిది చెడగొడుతుందన్న దిగులు డ్రోన్లతో మొదలైంది కాదు. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా నీళ్లతొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపించినప్పుడే ఆ ప్రశ్న ఉంది. ఇంకెవరైనా తరంగాలు పంపితే పడవ వాళ్ల మాట వింటుందా? రెండు వేర్వేరు పౌనఃపున్యాలు కలిసి వస్తేనే యంత్రం స్పందించే ఏర్పాటుకు ఆయన 1903లో పేటెంట్లు పొందారు.

తర్వాత వచ్చిన రిమోట్ విమానాల కాలంలో మాత్రం ఒక్కో రిమోట్‌లో ఒక్కో క్రిస్టల్, ఆ క్రిస్టల్‌కి ఒకే పౌనఃపున్యం. అమెరికాలో విమానాల కోసం 72 మెగాహెర్ట్జ్ దగ్గర 20 కిలోహెర్ట్జ్ ఎడంతో యాభై చానళ్లు కేటాయించారు. క్లబ్బు మైదానంలో ఒక చెక్కబోర్డు, దానికి చానల్ నంబర్లు రాసిన క్లిప్పులు ఉండేవి. ఆ నంబరు క్లిప్పు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే రిమోట్ ఆన్ చేయాలి. ఇంకొకరు తెలియక అదే నంబరు మీద స్విచ్ వేస్తే గాల్లో ఉన్న విమానం సంగతి అంతే. నెలల తరబడి బాల్సా చెక్కతో చేసుకున్న విమానం ఒక్క స్విచ్‌తో మట్టిలో దిగబడేది.

ఆ బోర్డుకు కాలం చెల్లిపోయింది 2005 తర్వాత, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాక. ఇవి ఒకే చోట కూర్చోవు. కొన్ని తమ సిగ్నల్‌ను వెడల్పుగా పరుస్తాయి, కొన్ని క్షణానికి ఎన్నోసార్లు ఒక పౌనఃపున్యం నుంచి ఇంకోదానికి గెంతుతాయి. ఎప్పుడెక్కడికి గెంతాలో రిమోట్‌కీ రిసీవర్‌కీ ముందే తెలుసు. ఆ ఒప్పందం కుదిర్చే పనినే ‘బైండింగ్’ అంటారు. ఒకచోట ఎవరైనా ఎదురైతే పోయేది ఒక చిన్న సమాచారపు పొట్లం మాత్రమే. మరుక్షణం ఇంకోచోట ఇంకో పొట్లం అందుతుంది. పైలట్‌కి తెలియను కూడా తెలియదు.

ఈరోజు ఔత్సాహికులు ఎక్కువగా వాడే ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ అనే విధానం 2.4 గిగాహెర్ట్జ్‌లో 80 చోట్ల మధ్య గెంతుతుంది. ఏ వరసలో గెంతాలన్నది బైండింగ్ ఫ్రేజ్ అనే సంకేతపదం నుంచి పుడుతుంది. ఇక్కడో సరదా ప్రమాదం ఉంది. ఇద్దరు అభిమానులు ఒకరికి తెలియకుండా ఒకరు తమ హీరో పేరే సంకేతపదంగా పెట్టుకున్నారనుకోండి, వాళ్ల రిసీవర్లకు రెండు రిమోట్లూ యజమానుల్లాగే కనిపించవచ్చు. అభిమానం ఎంతున్నా పేరు వెనక నాలుగు అంకెలు తగిలించుకోవడం మంచిది.

మొత్తమ్మీద రిమోట్ నుంచి డ్రోన్‌కి వెళ్లే ఆజ్ఞల గొడవను యంత్రాలు చాలావరకు తమలో తామే తీర్చుకున్నాయి. తీరనిది బొమ్మ గొడవ. వేళ్లు చెప్పే నాలుగు ఆజ్ఞలకు ఇరుకు సందు చాలు. కదిలే బొమ్మకు వెడల్పాటి రోడ్డు కావాలి. ఒక్క అనలాగ్ వీడియో 20 మెగాహెర్ట్జ్ వరకు ఆక్రమిస్తుంది. పైగా అది గెంతదు, పెట్టినచోటే కూర్చుంటుంది. చెక్కబోర్డు కాలం నాటి క్రమశిక్షణ ఇంకా అవసరమయ్యేది ఇక్కడే.

ఆ క్రమశిక్షణలో మొదటి సంగతి దూరం. గాగుల్స్ పెట్టుకున్న పైలట్ డ్రోన్ 500 మీటర్ల అవతల ఎగురుతోంది. పక్కవాడు 5 మీటర్ల దూరంలో కూర్చుని తన డ్రోన్‌కి బ్యాటరీ తగిలించాడు. దూరంలో తేడా వంద రెట్లు. రేడియో బలం దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది కాబట్టి, రెండు వీటీఎక్స్‌ల శక్తి ఒకటే అయినా, దగ్గరున్నది పదివేల రెట్లు బలంగా తగులుతుంది. చెవి పక్కన బూర ఊదుతుంటే వీధి చివర పిలిచే మనిషి గొంతు పట్టుకోవడం లాంటిది. చానల్ వేరైనా సరే, గాగుల్స్‌లోని ఫిల్టర్ అంత బలాన్ని పూర్తిగా ఆపలేదు. చానల్ కూడా ఒకటే అయితే ఇక చెప్పక్కర్లేదు. అనలాగ్ వీడియో ఎఫ్ఎమ్ పద్ధతిలో వెళ్తుంది. ఎఫ్ఎమ్ రిసీవర్ గుణం ఏమిటంటే, రెండు సిగ్నళ్లు వస్తే బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని తొక్కేస్తుంది. అందుకే బొమ్మ మసకబారి హెచ్చరించదు. చెట్ల మీదుగా పోతున్న దృశ్యం ఒక్కసారిగా మాయమై, నేల మీద పక్కవాడి చెప్పులు ప్రత్యక్షమవుతాయి. అవి వాడి డ్రోన్ కెమెరా ముందున్న చెప్పులు.

డిజిటల్ వీడియోలో ఈ అనుభవం వేరుగా ఉంటుంది. పక్కవాడి బొమ్మ రాదు. ఉన్న బొమ్మే గడ్డకడుతుంది, గళ్లుగళ్లుగా విరుగుతుంది, లేదా ఆలస్యంగా వస్తుంది. అర సెకను పాత బొమ్మను చూసి నడపడం కంటే నల్లతెర నయం. అది కనీసం అబద్ధం చెప్పదు. డిజిటల్ యూనిట్లను ఆటో చానల్‌లో వదిలేస్తే మరో తలనొప్పి. అవి ఖాళీ అనుకున్న చోటికి తమంతట తాము జరిగి, అప్పటికే గాల్లో ఉన్న అనలాగ్ వాడి నెత్తిన కూర్చోగలవు. నలుగురున్న చోట చానల్‌ను చేత్తో ఎంచుకోవాలి. నాణ్యత పెంచుకోవాలని వెడల్పు రెట్టింపు చేస్తే, పంచుకునే చోటు సగమవుతుంది.

ఇప్పుడు ఆ విదేశీ పట్టికల సంగతి. భారత ప్రభుత్వం 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కొన్ని ముక్కలను లైసెన్సు నుంచి మినహాయించింది. 5150 నుంచి 5350 వరకు ఒకటి, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు ఇంకొకటి. రేస్‌బ్యాండ్‌లో మొదటి ఆరు చానళ్లు ఈ రెండో ముక్కలో పడతాయి. 5880, 5917 బయటికి పోతాయి. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికల్లో సాధారణంగా ఈ గీత గీసి ఉండదు. అమ్మే దుకాణమూ చెప్పకపోవచ్చు. 915 మెగాహెర్ట్జ్ రిమోట్ల కథ ఇంకా తీవ్రం. అమెరికాలో 902 నుంచి 928 వరకు అందరిదీ. మన దేశంలో 890 నుంచి 915 వరకు ఉన్నది సెల్‌ఫోన్లు టవర్‌కు మాట పంపే దారి. అమెరికా అమరికతో వచ్చిన రిమోట్‌ని అలాగే ఆన్ చేస్తే చెడేది పక్క పైలట్ సిగ్నల్ కాదు, ఊరివాళ్ల ఫోన్లు. మన దగ్గర అందుకు బదులుగా 865 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న ముక్క ఉంది. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్‌లో దానికి ‘ఐఎన్866’ అనే భారతీయ అమరికే ఉంది, కానీ గెంతడానికి చోట్లు నాలుగే. తక్కువ పౌనఃపున్యం కాబట్టి మామిడితోపుల ఆకుల గుండా బాగానే దూరిపోతుంది. ఒంటరిగా దూరం పోయేవాడికి అది మేలు. పదిమంది చేరిన మైదానంలో 80 చోట్లున్న 2.4 గిగాహెర్ట్జే మేలు.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు తగువు మీద వచ్చిన పటాస్కర్ తీర్పు మేరకు మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పళ్లిపట్టు, ఆర్.కె.పేట వైపు ఈనాటికీ తెలుగు వీధుల్లో వినిపిస్తుంది. నగరి నుంచి డ్రోన్ సంచీ భుజాన వేసుకుని సరిహద్దు దాటి వచ్చినవాడికి బస్సు బోర్డు మీది లిపి మారుతుంది కానీ రేడియో చట్టం మారదు. పౌనఃపున్యాల పంపకం కేంద్రం చేతిలోది. డ్రోన్ నియమాలూ అంతే.

అయితే ఈ ప్రాంతానికి సొంత చిక్కులు కొన్ని ఉన్నాయి. తిరుత్తణికి పదిహేను కిలోమీటర్ల దరిదాపుల్లో అరక్కోణం నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలి ఉంది. 1992లో ప్రారంభమైన ఈ స్థావరం నుంచి సముద్ర నిఘా విమానాలు పీ-8ఐలు ఎగురుతాయి. 2020 నవంబరు నుంచి అమెరికా తయారీ సీ గార్డియన్ డ్రోన్లు కూడా ఇక్కడి నుంచే పనిచేశాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు జోన్, అంటే అనుమతి లేనిదే లేపకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే ఆకుపచ్చ జోన్. అవతల, ఇంకే ఆంక్షల జోన్ లేని చోట, 400 అడుగులు. తిరుత్తణి, అరక్కోణం మధ్య పల్లెల్లో ఎగరేయాలనుకునేవాళ్లు ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో తామున్న పొలం ఏ రంగులో ఉందో చూడకుండా బ్యాటరీ ముట్టుకోకూడదు. ఊరి పేరును బట్టి ఊహించడం పనికిరాదు. ఒకే పంచాయతీ రెండు రంగుల్లో పడవచ్చు.

రెండో చిక్కు సెల్ టవర్లు. మన దేశంలో 4జీకి వాడే బ్యాండ్లలో ఒకటి 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. రిమోట్ల 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ సరిగ్గా 2400 దగ్గర మొదలై 2483.5 దగ్గర ముగుస్తుంది. మధ్యలో గోడ లేదు. టవర్ పాదం దగ్గర డ్రోన్ ఎగరేస్తే, ఫిల్టర్ సరిగా లేని చవక రిసీవర్ చెవుడు వచ్చినట్టు ప్రవర్తిస్తుంది. ఆ బ్యాండ్‌లోనే వై-ఫై కూడా ఉంది. ముహూర్తాల రోజున ఒకే రోడ్డు మీద రెండు మూడు కల్యాణ మండపాల్లో వీడియోగ్రాఫర్ల డ్రోన్లు, వందల ఫోన్లు, వాటి హాట్‌స్పాట్లు. ఒకరి రిమోట్ ఇంకొకరి డ్రోన్‌ని లాక్కుంటుందన్న భయం అనవసరం. కానీ బొమ్మ నాణ్యత, అందే దూరం బాగా తగ్గుతాయి. చేలో కిలోమీటరు పోయిన డ్రోన్ మండపం మీద రెండు వందల మీటర్లకే మొరాయిస్తే యంత్రాన్ని తిట్టి లాభం లేదు.

మూడోది నీళ్లు. తిరువళ్లూరు పక్కన పూండి జలాశయం ఉంది. 1944లో కట్టిన ఆ చెరువులోకి తెలుగుగంగ కాలువ ద్వారా కండలేరు నుంచి కృష్ణా నీళ్లు చేరతాయి. అలాంటి విశాలమైన నీటి మీద రేడియో తరంగం అద్దం మీది వెలుగులా తిరిగి లేస్తుంది. నేరుగా వచ్చిన తరంగం, నీటిని తాకి వచ్చిన తరంగం రిసీవర్ దగ్గర కలిసి కొన్నిచోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పక్కన ఇంకే పైలట్ లేకపోయినా, డ్రోన్ తన సిగ్నల్‌కి తానే శత్రువవుతుంది. వృత్తాకార ధ్రువణం ఉన్న యాంటెన్నాలు దీన్ని కొంత తగ్గిస్తాయి. వాటిలో కుడిచేతివి, ఎడమచేతివి అని రెండు రకాలుంటాయి. పక్క పైలట్లు చెరో రకం వాడితే ఒకరి సిగ్నల్ మరొకరికి వంద రెట్ల దాకా బలహీనంగా తగులుతుంది. పరావర్తనం చెందిన తరంగం చేయి మారుస్తుంది కాబట్టి, నీళ్ల పక్కన, రేకుల షెడ్ల దగ్గర ఈ లాభం కొంత కరిగిపోతుంది.

ఇంత ఇరుకులో వేల డ్రోన్లు ఒకేసారి ఎలా ఎగురుతున్నాయన్న అనుమానం రావాలి. 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో, అమరావతి డ్రోన్ సమ్మిట్ సందర్భంగా, కృష్ణా నది మీద 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. ప్రదర్శన అయిదు గిన్నిస్ రికార్డులు అందుకుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మొత్తాన్ని అన్ని డ్రోన్లకు సమానంగా పంచితే ఒక్కోదానికి వచ్చేది 15 కిలోహెర్ట్జ్. పాతకాలం క్రిస్టల్ రిమోట్‌కే 20 ఉండేది. కిటుకు ఏమిటంటే, ఇలాంటి ప్రదర్శనల్లో ఒక్కో డ్రోన్‌కి ఒక్కో పైలట్ ఉండడు, కెమెరా బొమ్మ పంపదు. ఏ క్షణాన ఎక్కడుండాలో దారి మొత్తం ముందే దాని మెమరీలో ఎక్కించి ఉంటుంది. గాలిలో నడిచే సంభాషణ అందరికీ కలిపి వినిపించే కొద్దిపాటి ఆజ్ఞలు, జీపీఎస్ సవరణలు. మాట్లాడాల్సింది తగ్గించుకోవడమే ఆ ఏర్పాటు బలం.

దాని బలహీనతా అక్కడే ఉంది. దారి తెలిసినా, తానెక్కడున్నదీ తెలియాలంటే ఉపగ్రహం కావాలి. 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి 1575.42 మెగాహెర్ట్జ్ మీద వచ్చే జీపీఎస్ సిగ్నల్ నేలకు చేరేసరికి వాట్‌లో కోటికోట్లవ వంతు కూడా ఉండదు. 2018 అక్టోబరులో హాంకాంగ్ విక్టోరియా హార్బర్ మీద వైన్ ఉత్సవం ప్రదర్శనలో 46 డ్రోన్లు నీళ్లలో రాలిపోయాయి. ఎవరో జీపీఎస్‌ను జామ్ చేశారని నిర్వాహకులు ప్రకటించారు. అలాగని రాలిన ప్రతి డ్రోన్‌కీ రేడియోనే కారణం కాదు. 2023 జులైలో మెల్‌బోర్న్ డాక్‌లాండ్స్‌లో 500 డ్రోన్ల ప్రదర్శనలో 427 నీటిపాలైతే, ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ విచారించి తేల్చిన కారణం డ్రోన్లు తట్టుకోలేనంత గాలి.

తిరుత్తణి చేలో ముగ్గురికి అంత హంగు అక్కర్లేదు. వాళ్లకు పనికొచ్చేవన్నీ బ్యాటరీ తగిలించకముందు జరిగేవి. ఎవరి చానల్ ఏదో ఒక అట్టముక్క మీద రాసుకోవాలి. గాల్లో ఎవరైనా ఉండగా కింద ఇంకెవరూ కరెంటు ఇవ్వకూడదు. కొన్ని పాత వీటీఎక్స్‌లు ఆన్ అయిన మొదటి క్షణంలో తమ చానల్ కుదిరేలోపు చుట్టుపక్కల చానళ్ల మీద కూడా చిమ్ముతాయి. కొత్తవాటిలో అతి తక్కువ శక్తితో మేలుకునే ‘పిట్ మోడ్’ ఉంటుంది, అది వాడుకోవాలి. అక్కడ వినబడాల్సిన మాటలు కూడా చిన్నవే.

“అన్నా, ప్లగ్ చేసేదా?”

“ఉండబ్బా, వాడు దిగనీ.”

శక్తి విషయంలో కుర్రాళ్లకు నచ్చని సలహా ఒకటుంది. వీటీఎక్స్‌లో 800 మిల్లీవాట్ల దాకా ఉంటే 800 పెట్టాలనిపిస్తుంది. అది 25 మిల్లీవాట్లకు 32 రెట్లు. ఒకడు పెంచితే మిగతావాళ్ల బొమ్మ చెడుతుంది, దాంతో వాళ్లూ పెంచుతారు. చివరికి అందరూ గరిష్ఠానికి చేరాక ఒకరి మీద ఒకరికి ఉన్న ఆధిక్యం మొదట్లో ఎంతో అంతే ఉంటుంది. పెరిగింది వేడి, ఇంటర్‌మాడ్యులేషన్. ఖాళీ మైదానంలో కొన్ని వందల మీటర్లకు 25 సరిపోతుంది. పైలట్లు ఒకచోట కూర్చుని, డ్రోన్లు లేచే చోటును వాళ్లకు ఎడంగా పెట్టుకుంటే ఆ పదివేల రెట్ల లెక్క చాలా తగ్గుతుంది.

చాలామంది మరిచేది ఫెయిల్‌సేఫ్. లింకు తెగితే జీపీఎస్ ఉన్న డ్రోన్ నిర్ణీత ఎత్తుకు లేచి, బయల్దేరిన చోటికి తిరిగి వస్తుంది. ఒకే ఆటంకం ముగ్గురినీ ఒకేసారి తాకితే? ముగ్గురిదీ ఒకే ఎత్తయితే మూడు డ్రోన్లు ఒకే బిందువు వైపు ఒకే మట్టంలో వస్తాయి. ఒకరిది 20 మీటర్లు, ఒకరిది 30, ఇంకొకరిది 40 అని ముందే పెట్టుకోవాలి. చెట్ల ఎత్తు చూసుకుని మరీ.

అన్నీ చేసినా ఎప్పుడో ఒకరోజు సిగ్నల్ పోతుంది. అప్పుడు ఒకరు ఇంకొకరి మీద అరవకముందు, ఫ్లయిట్ కంట్రోలర్ రాసుకున్న లాగ్‌లో రెండు అంకెలు చూడాలి. ఆర్ఎస్ఎస్ఐ అందిన సిగ్నల్ బలం, ఎల్‌క్యూ పంపిన పొట్లాల్లో నూటికి ఎన్ని అందాయన్నది. రెండూ కలిసి మెల్లగా దిగజారితే అది దూరం, లేదా మధ్యలో అడ్డొచ్చిన గుట్ట. రెండూ ఒక్కసారే పడిపోయి, డ్రోన్ తిరగగానే లేస్తే తన సొంత బ్యాటరీ నీడలో పడిన యాంటెన్నా. ఆర్ఎస్ఎస్ఐ బలంగానే ఉండి ఎల్‌క్యూ ఒక్కటే కూలిపోతే మాత్రం అక్కడ ఇంకెవరో మాట్లాడుతున్నారు. అప్పుడు అట్టముక్క తీసి, ఆ నిమిషానికి ఎవరెవరు ఆన్‌లో ఉన్నారో చూడాలి.